అమ్మ కూర్చోనంది

ఆ వేసవిలో నన్ను బంగారంలాంటి కొడుకు అనని వాళ్ళు లేరు. అన్నవాళ్ళలో ఒక్కరైనా ఒక్క పూట వచ్చి మా అమ్మని కనిపెట్టుకుని ఉన్న పాపాన పోలేదు. బస్సు డిపోలో అన్నారు, మందుల షాపులో అన్నారు. అట్లాంటాలో కాపురముంటున్న మా అక్క మోనిక్ ఫోన్ చేసినప్పుడల్లా అంది. "నువ్వున్నావు కాబట్టి నాకు నిద్ర పడుతోందిరా రోడ్రిక్" అనేది. నాకు పట్టడం లేదే తల్లీ అని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో చెప్పలేను.

నేను క్లీవ్‌లాండ్‌లో సిటీ బస్సు నడుపుతాను. అప్పటికి నాకింకా ముప్పై నిండలేదు. తెల్లవారుజామున డ్యూటీకి ఎక్కి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, అక్కణ్ణుంచి రెండో డ్యూటీ మొదలుపెట్టేవాణ్ణి. రెండో డ్యూటీ పేరు ఎర్లీన్ మాడక్స్, అంటే మా అమ్మ.

అమ్మకున్న జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్. అందరూ ఎమ్మెస్ అంటారు. కరెంటు తీగ మీద రబ్బరు ఊడినట్టు నరాల మీద పొర ఊడిపోతుంది. ఆ పేరు తెలిసేలోపు మా అమ్మకి డాక్టర్లు అంటగట్టని జబ్బు లేదు. షుగరన్నారు, బీపీ అన్నారు, ఒళ్ళు తగ్గమన్నారు. మా నాన్న పోయిన దిగులన్నారు. ఆయన పోయి అప్పటికి పదేళ్ళు దాటింది. ఆయన బతికున్నప్పుడే అమ్మకి దిగులెక్కువ. చివరికి స్కానింగులో బయటపడితే, ఆ డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని "మీ నల్లవాళ్ళలో ఇది రాదనుకుంటూ వచ్చాం" అన్నాడు. రాదనుకుంటే వెతకరు కదా. వెతక్కపోతే దొరకదు. దొరక్కపోతే రాదనే అనుకుంటారు. దీన్నే చదువంటారు కాబోలు అని ఒళ్ళు మండింది నాకు.

ఈ జబ్బుకి ఎండ పడదు. వేడి తగిలిందంటే అమ్మ కాళ్ళు తడిగుడ్డల్లా అయిపోతాయి, నాలుక మొద్దుబారుతుంది, మాట ముద్దముద్దగా వస్తుంది. సాయంత్రం చల్లబడగానే మళ్ళీ మామూలు మనిషి. నా సాక్సులు ఎక్కడ పడేశానో అరిచి మరీ చెబుతుంది.

ఇంట్లో అయితే కూలరుంది. గొడవంతా చర్చిలో. మా న్యూ గిలియదు బాప్టిస్టు చర్చిలో ఈస్టరుకి ఏసీ చచ్చిపోయింది. కొత్తది ఎవరి దగ్గర కొనాలా అని ట్రస్టీలు జులై దాకా కొట్టుకుంటూనే ఉన్నారు. ఆ ఉడుకులో, పొడుగు చేతుల తెల్ల యూనిఫారమూ తెల్ల చేతి తొడుగులూ వేసుకుని, ఎడం చెయ్యి వీపు వెనక మడిచి, ఆరాధన అయ్యేదాకా పెద్ద గుమ్మం దగ్గర నిలబడేది అమ్మ. ఆమె అషర్ల ప్రెసిడెంటు. వచ్చినవాళ్ళని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టడం, అట్ట విసనకర్రలు పంచడం, కానుక పళ్ళాలు తిప్పడం అషర్ల పని. డ్యూటీలో నోరు విప్పకూడదు. అన్నీ చేతి సైగలే. నేనూ ఆరేళ్ళప్పుడు పిల్లల అషర్లలో చేరి, మీసాలు రాగానే పారిపోయినవాణ్ణే. చర్చి పోయింది గానీ సైగలు మాత్రం పోలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. మా చర్చిలో అషర్ ఎవరైనా తప్పు చేస్తే తిట్టరు, జరిమానా వెయ్యరు. తొడుగులు తీయించి రెండో వరస బెంచీలో కూర్చోబెడతారు. అందరూ నిలబడి పని చేస్తుంటే ఆ మనిషి మూణ్ణెల్లు అక్కడ కూర్చుని చూడాలి. మా అమ్మే తన హయాంలో ఇద్దర్ని కూర్చోబెట్టింది. అందుకని డ్యూటీలో ఉన్న అషర్ కుర్చీలో కనబడితే మా జనానికి ఒకటే అర్థం. డాక్టరు చక్రాలూ సీటూ ఉన్న నడక బండి ఇస్తే, అమ్మ దాని మీద టమాటా కుండీ పెట్టి, పెరట్లో ఎండ ఎటుంటే అటు తోసేది. ఆ వేసవంతా మా ఇంట్లో కాలు కందకుండా తిరిగింది ఆ మొక్కొక్కటే.

జబ్బు సంగతి చర్చిలో ఎవరికీ తెలియనివ్వలేదు అమ్మ, కానీ ఆ ఉడుక్కి రెండు మూడు ఆదివారాలు గుమ్మం దగ్గర తూలడం, మాట తడబడటం అందరూ చూశారు. జూన్ నెలాఖర్న ఒక శనివారం సిస్టర్ వెర్నెల్ గేన్స్ ఇంకో ఇద్దరు ఆడవాళ్ళని వెంటేసుకుని, చేతిలో కేకుతో మా ఇంటికొచ్చింది. ఆమె అషర్లకి వైస్ ప్రెసిడెంటు. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. అమ్మకి నాకంటే పాత చుట్టం. కేకు బల్ల మీద పెట్టి, కూర్చుని, అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఎర్లీన్, మనిద్దరం ఇన్నేళ్ళుగా ఒకే గుమ్మానికి అటొకరం ఇటొకరం నిలబడ్డాం. నా దగ్గర దాపరికమేంటే?"

"నేనేం దాచాను?"

"ఎప్పట్నుంచి మొదలెట్టావు?"

"ఏది?"

వెర్నెల్ లేచి వంటింట్లోకెళ్ళి, తన ఇంట్లో తెరిచినట్టే అల్మారా తెరిచింది. పిండి డబ్బా వెనకనుంచి రమ్ము సీసా పట్టుకొచ్చి మా అందరి ముందూ నిలబడింది.

"ఇదేంటి?"

"రమ్ము" అంది అమ్మ. "క్రిస్మసుకి రమ్ము కేకు చేస్తాను కదా, దానికి."

"కేకులో పడేది చెంచాడు. ఇందులో సగం లేదు."

"నువ్వు మూడు ముక్కలు తిన్నావు కదే వెర్నెల్. నాలుగోది పర్సులో కూడా పెట్టుకున్నావు."

వెంట వచ్చిన ఆడవాళ్ళలో ఒకామె దగ్గింది. వెర్నెల్ మాత్రం చలించలేదు. దేవుడి పేరు చెప్పి ఆ రమ్మంతా సింకులో పోసింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మంచి రమ్ము అది. పైగా నా డబ్బుతో కొన్నది.

"సిస్టర్ గేన్స్, అసలు సంగతేంటంటే, అమ్మకి..." అని నేను మొదలుపెట్టాను.

అమ్మ నావైపు చూడకుండానే కుడి అరచెయ్యి ఛాతీ ముందు నిలువుగా పెట్టింది. ఆగు, అక్కడే ఉండు అని ఆ సైగకి అర్థం. ఇంతెత్తు పెరిగి, ఇంత పొడుగు బస్సుని ఊరంతా తిప్పేవాణ్ణి, ఆ చెయ్యి చూడగానే నోరు మూసుకున్నాను.

వెర్నెల్ వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. "జులై నాలుగో ఆదివారం అషర్స్ డే. ఊళ్ళో చర్చీలన్నీ వస్తాయి. అంతమంది ముందు నువ్వు తూలితే మన సంఘం పరువేం కావాలి? జబ్బయితే జబ్బని చెప్పు, చూసుకుంటాం. చెప్పకుండా ఆరోజు కూడా ఇలాగే తూలావనుకో, పాస్టరుగారితో చెప్పి నేనే నిన్ను కూర్చోబెడతాను. సరదా పడి చేస్తాననుకోకు" అంది. తర్వాత నావైపు తిరిగింది. "ఇంట్లో ఆడపిల్ల ఉండుంటే ఇంతదాకా వచ్చేది కాదు నాయనా. పాపం, మగాడివి నువ్వేం చేస్తావు?"

నేనేం చేస్తున్నానో చెప్పాలంటే ఆ పూట సరిపోదు. ఆమె పోగానే అమ్మ మీద విరుచుకుపడ్డాను.

"చెప్పెయ్యొచ్చు కదా అమ్మా. చెబితే నీ సొమ్మేం పోయింది?"

"చెబితే ఆదివారం రోగుల పేర్లు చదివేటప్పుడు నా పేరూ చదువుతారు. ఆ పేర్లలో చేరినవాళ్ళు మళ్ళీ గుమ్మం దగ్గర నిలబడటం ఎప్పుడైనా చూశావా?"

"తాగుబోతు అనిపించుకోవడం బాగుందా మరి?"

"తాగుబోతునైతే మూణ్ణెల్లు కూర్చోబెట్టి తొడుగులు తిరిగిస్తారు. జబ్బుదాన్నైతే ఇంటికి పువ్వులు పంపిస్తారు, తొడుగులివ్వరు." అమ్మ కేకు ముక్క కోసుకుంది. "ఆ గుమ్మమొక్కటే నాకు మిగిలింది రోడ్రిక్. అది కూడా పోతే ఇక నేను నీ రెండో డ్యూటీనే."

నేనా మాట ఎప్పుడూ ఆమె ముందు అనలేదు. అయినా ఎలాగో తెలిసిపోయింది. కోపం దిగలేదు గానీ, నేనూ ఒక కేకు ముక్క కోసుకున్నాను.

క్లినిక్కులో నర్సమ్మ చాలాకాలంగా పోరుతోంది, ఎమ్మెస్ వాళ్ళూ వాళ్ళని చూసుకునేవాళ్ళూ కలిసే మీటింగు ఒకటుంది, వెళ్ళండి వెళ్ళండి అని. మీలాంటివాళ్ళు చాలామంది వస్తారంది. సరేనని జులై మొదట్లో ఊరవతల ఆ లైబ్రరీకి అమ్మని తీసుకెళ్ళాను. గది చల్లగా ఉంది, అదొక్కటీ నిజం. మాలాంటివాళ్ళ మాటకొస్తే, ఆ గది మొత్తానికి నల్లవాళ్ళం మేమిద్దరమే. జబ్బు మనుషులు దాదాపు అందరూ ఆడవాళ్ళు. చూసుకునేవాళ్ళు వాళ్ళ మొగుళ్ళు, అరవై దాటినవాళ్ళు, రిటైరైనవాళ్ళు. నేను ఆ వయసు సగానికి కూడా రాలేదు.

నా పక్కనున్న పెద్దాయన పేరు నార్మ్. చెయ్యి కలిపి, ఎంతో మర్యాదగా "నిన్ను ఏ నర్సింగు ఏజెన్సీ వాళ్ళు పంపారు బాబూ? మాకు ఇలాంటి మంచి మనిషి దొరకనేలేదు" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "వీణ్ణి నేనే కన్నాను. జీతం లేదు, సెలవు లేదు. అందుకే మొహం అలా పెట్టాడు."

నార్మ్ చెవులు ఎర్రబడ్డాయి. అంతటితో పోయిందా? మీటింగు నడిపే ఆవిడ లేచి, ఈరోజు మనం మాట్లాడుకునేది దంపతుల మధ్య సాన్నిహిత్యం గురించి అంది. అక్కణ్ణుంచి గంటసేపు. ఒకే మంచం మీద ఎలా పడుకోవాలి, ఒకరినొకరు తాకడం మానకుండా ఎలా ఉండాలి. నేను పైకప్పుకేసి చూస్తూ కూర్చున్నాను. నిన్నగాక మొన్న కళ్ళు గట్టిగా మూసుకుని అమ్మ వీపు రుద్దినవాణ్ణి. దాని గురించి ఎవరైనా చెబుతారేమో, కొడుకన్నవాడు ఇదెలా చెయ్యాలో ఒక్క ముక్కయినా అంటారేమో అని వచ్చాను. చర్చిలోనేమో కూతురుండాలి అంటారు. ఇక్కడేమో మొగుడుండాలి. కొడుకు చూసుకుంటాడని ఏ ఒక్కరూ అనుకోలేదు, ఆ ఖర్మ నాకే పట్టింది.

కారెక్కాక అమ్మ గట్టిగా నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "నీ మొహం చూడాల్సిందిరా" అంటుంది, మళ్ళీ నవ్వుతుంది. నాకూ నవ్వొచ్చింది, వద్దనుకున్నా.

అప్పుడే నార్మ్ వచ్చి కిటికీ కొట్టాడు. చేతిలో చేతుల్లేని కోటులాంటిదేదో ఉంది. లోపల జేబుల్లో ఐసు ప్యాకెట్లు పెట్టుకుంటే ఒళ్ళు చల్లగా ఉంచుతుందట. "మా ఆవిడది" అన్నాడు. "తనని కేర్ హోములో చేర్చాం. అక్కడ చల్లగానే ఉంటుంది. ఇందాక నేనన్నదానికి..."

"నాకక్కర్లేదండీ" అంది అమ్మ.

"అక్కరుంది" అన్నాను నేను, తీసుకుని వెనక సీట్లో పడేశాను.

నాలుగో ఆదివారం పొద్దున్నే సెగ. అమ్మని వంటింట్లో కూర్చోబెట్టి, తలకి నూనె పెట్టి, పాయలు తీసి జడలల్లాను. నా పాపిడి వంకర పోతుందని అమ్మ రోజూ సణిగేది, ఆరోజు సణగలేదు. భయపడుతోందని నాకప్పుడే అర్థమైంది. ఫ్రీజర్లో కోడిని బయటికి లాగి రాత్రే ఐసు ప్యాకెట్లు పెట్టాను. నార్మ్ వాళ్ళావిడ బక్కమనిషి కాబోలు, ఆ కోటు అమ్మకి చాలలేదు. నా బెల్టు కలిపి బిగించి, పైన యూనిఫారం గుండీలు పెట్టాను.

"లావుగా కనబడుతున్నానా?"

"ప్రెసిడెంటులా కనబడుతున్నావు."

కారు డిక్కీలో నడక బండి పెట్టడం చూసింది. టమాటా కుండీ నేల మీదుంది. "అది నాకెందుకు? దించు దాన్ని" అంది. నేను వినిపించుకోలేదు. ఆ వేసవిలో అమ్మ మాట వినకపోవడం అది రెండోసారి.

ఊళ్ళో అషర్లంతా వచ్చారు, ఒక్కో చర్చిది ఒక్కో రంగు. పియానో మొదలవగానే మా అమ్మ ముందు నడిచింది. ఎడం చెయ్యి వీపు వెనక, అడుగు తీసి అడుగు వేస్తూ, నడవ పొడుగునా పాట తాళం తప్పకుండా. వెనక నలభై యాభై మంది. నేను ఆఖరి బెంచీలో కూర్చుని ఆ కాళ్ళనే చూస్తున్నాను. ఒక్క అడుగు తేడా పడలేదు. వెర్నెల్ కూడా చూస్తోంది.

అక్కడితో ఆరాధన ముగించి ఇంటికి పంపితే ఎంత బాగుండేది. మా వాళ్ళు పంపుతారా? వచ్చిన ప్రతి చర్చి పాటల బృందమూ పాడాలి, పాడాక ఒకరు లేచి ఇంకో పాట పాడండి అనాలి, అంటే వాళ్ళు మురిసిపోయి మరో రెండు పాడాలి. జనం విసనకర్రలు టపటపలాడిస్తున్నారు. ఆ మీదట వేరే ఊరినుంచి వచ్చిన పాస్టరు ప్రసంగం మొదలెట్టి, ముగిస్తున్నాను ముగిస్తున్నాను అంటూ ముగించకుండా లాగుతున్నాడు. ఐసు ఎంతసేపుంటుంది?

తల తిప్పి గుమ్మంకేసి చూశాను. అమ్మ నిలబడే ఉంది. మోకాళ్ళు వణుకుతున్నాయి. యూనిఫారం అంచునుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. బూట్ల చుట్టూ చిన్న మడుగు కట్టింది. గుమ్మానికి అవతల నిలబడ్డ వెర్నెల్ ఆ మడుగు చూసింది. దగ్గరి బెంచీలో ఇద్దరు చూసి, తలలు తిప్పుకున్నారు. వాళ్ళేమనుకున్నారో చెప్పనక్కర్లేదు. అమ్మకీ తెలిసింది. ఆ మొహం నేను చూడలేకపోయాను.

అప్పుడు అమ్మ కుడిచెయ్యి పైకెత్తింది. రెండు వేళ్ళు ఎడం భుజం మీద పెట్టింది.

నా చోటికి మనిషిని పంపండి అని దానర్థం. నా చిన్నతనంలో అందరు అషర్లూ ఆ సైగ చెయ్యడం చూశాను, దగ్గొచ్చో, చంటిపిల్ల ఏడ్చో. అమ్మ చెయ్యడం ఎప్పుడూ చూడలేదు. ఆ సైగ డ్యూటీలో ఉన్న అషర్‌కి చెయ్యాలి. అమ్మ మాత్రం నా కళ్ళలోకి చూస్తూ చేసింది.

లేచి పక్క తలుపులోంచి బయటికెళ్ళాను. డిక్కీలోంచి బండి దించి, పెద్ద గుమ్మంలోంచి తోసుకుంటూ వచ్చి, అమ్మ వెనక ఆపి బ్రేకు వేశాను. దాని చక్రం ఒకటి కీచుమంటుంది. చర్చి మొత్తం వెనక్కి తిరిగింది. ప్రసంగం చేసే ఆయన కూడా ఆగిపోయాడు, అంతసేపట్లో మొదటిసారి.

అమ్మ ఆ సీటుకేసి చూసింది. తర్వాత నడవకేసి, ముందున్న రెండో వరస బెంచీకేసి చూసింది. కూర్చోదనే అనుకున్నాను. అలాగే నిలబడి కింద పడిపోతుంది గానీ కూర్చోదు, నాకు తెలుసు.

అమ్మ కూర్చుంది. గుమ్మం దగ్గరే, తన చోటులోనే.

వెర్నెల్ నాలుగంగల్లో వచ్చింది. అరచెయ్యి తెరిచి, ఏమిటి అని సైగ చేసింది. అమ్మ సైగ చెయ్యలేదు. డ్యూటీలో అషర్ మాట్లాడకూడదు. అయినా మాట్లాడింది, మాట ముద్దముద్దగా.

"తాగుడు కాదు వెర్నెల్. నాకు ఎమ్మెస్."

వెర్నెల్ కూడా నోరు విప్పింది. "అది తెల్లవాళ్ళకి కదే వచ్చేది? నా సర్వీసు మొత్తంలో మనవాళ్ళకి రావడం చూడలేదు."

"నేనూ డాక్టరుతో అదే అన్నాను. ఆయనా అదే అన్నాడు. అలా అనుకుంటూనే ఏళ్ళు గడిపేశాం."

"మరి ఈ నీళ్ళు?"

"ఐసు."

వెర్నెల్ వంగి అమ్మ భుజం మీద చెయ్యి వేసింది. యూనిఫారం కింద ఆ మందపాటి తడి కోటు తగిలినట్టుంది. ఆ చెయ్యి అక్కడే ఆగింది. పాపం, నర్సుగా చేసిన మనిషి. నాకామె మీద ఎంత కోపముండాలో అంతా ఉంది, అయినా ఆ మొహం చూశాక దాన్నెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అమ్మ కుడిచేతి తొడుగు వేళ్ళు ఒక్కొక్కటే లాగడం మొదలుపెట్టింది. కూర్చున్నదిగా మరి. పద్ధతి ప్రకారం తొడుగులు తీసి వెర్నెల్ చేతికివ్వాలి. సగందాకా తీసింది. వెర్నెల్ తల అడ్డంగా ఊపింది. అమ్మ మణికట్టు పట్టుకుని, ఆ తొడుగుని మళ్ళీ పైకి లాగి, గుండీ పెట్టింది. తన చేతిరుమాలు మడుగులో పడేసి బూటుతో తుడిచింది. తర్వాత నావైపు చూసి, అమ్మ నిలబడే చోటు వేలితో చూపించింది.

"నాకు తొడుగుల్లేవు" అన్నాను.

వెర్నెల్ పెదాల మీద వేలు పెట్టి, వెళ్ళి గుమ్మానికి అవతల తన చోట నిలబడింది. బస్సు కంపెనీ ప్యాంటూ పొట్టి చేతుల చొక్కాతో నేను ఇటు నిలబడ్డాను. ప్రసంగం మళ్ళీ మొదలైంది. ఆలస్యంగా ఒక ముసలాయన మనవరాలితో వచ్చాడు. అమ్మ కూర్చున్నచోటునుంచే తెల్ల చెయ్యి ఎత్తి చూపించింది, ఐదో వరస, గోడ పక్కన. నేను వాళ్ళని తీసుకెళ్ళి దింపి, తిరిగి వచ్చి నా చోట నిలబడ్డాను.

"ఎడం చెయ్యి" అంది అమ్మ, పెదాలు కదపకుండా. "వీపు వెనక."

పెట్టాను.